మా శేషగిరి మార్చిన బ్రేకులు

“అమ్మమ్మా, శేషగిరి తాతయ్య ఆ ఎర్ర కారుకి బ్రేకులు తనే మార్చుకున్నాడంట కదా? నా కారుకీ నేనే మార్చుకుందామా, షోరూముకే ఇద్దామా అని చూస్తున్నా.”

మార్చుకున్నాడే. బాగానే మార్చాడు. కూర్చో, చెప్తా. చిన్న సంగతే, నువ్వా కాఫీ తాగేలోపు అయిపోద్ది. ఆ ఫోను నా మొహం మీద పెట్టమాక, బల్ల మీద పెట్టు. ఆ, అట్టా.

బ్రేకులంటే నాకు ముందు మీ తాతే గుర్తొస్తాడు. మా పెళ్ళైన కొత్తలో ఆయనకో సైకిలుండేది. దానికి బ్రేకుల్లేవు. ఉండేవి, ఊడిపోయాయి, మళ్ళీ వేయించలేదు. ఆపాలంటే కుడికాలి చెప్పు నేలకి రాసేవాడు. నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని పర్చూరు దాకా తొక్కి, సంతలో చెప్పు రాస్తూ ఆపేవాడు, అందరూ తిరిగి చూసేవాళ్ళు. అప్పట్లో చెప్పుల జత పది రూపాయలు. పది కాదులే, పన్నెండు. చెప్పుల కొట్టాయన నన్నడిగాడు, “ఏమ్మా, మీ ఆయన ఒక కాలితోనే నడుస్తాడా?” అని. నవ్వుతావేంటి, నాకప్పుడు ఎంత సిగ్గేసిందో తెలుసా?

సరే, శేషగిరి. మా తమ్ముడని చెప్పడం కాదుగానీ, మంచి రైతే. రెండేళ్ళ కిందట మిరపకి రేటొచ్చింది చూడు, అప్పుడు అందరూ ఏం చేశారు? పొలం కొన్నారు, లేకపోతే ఇంటి మీద ఇంకో అంతస్తు లేపారు. మావాడు హైదరాబాదు పోయి, ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్సు కారు తెచ్చాడు. వెనక సీటేదిరా అనడిగితే, “లేదక్కా” అన్నాడు సంతోషంగా.

ఎందుకు సంతోషం అంటే, పెళ్ళైన దగ్గర్నుంచీ వాడూ కమలా ఇద్దరే కలిసి ఎక్కడికీ పోలేదు. ఎప్పుడు బయల్దేరినా వాళ్ళత్తగారో, మా పిన్నో, ఎవరో ఒకరు ఎక్కేవాళ్ళు. ఎక్కువసార్లు ఎక్కింది నేనేలే. అందుకని రెండే సీట్లున్న కారు చూసి మరీ కొన్నాడు. ప్రతి ఆదివారం ఇద్దరూ చీరాల సముద్రం దాకా పోయొచ్చేవాళ్ళు. యాభై దాటాక ఈ షికార్లేంట్రా అని నేనన్నాను. అనకుండా ఎట్టా ఉంటాను?

కొన్నాళ్ళకి బ్రేకులు అరిగాయి. తొక్కితే కీచుమని అరుపు. ముందు ఊళ్ళో కుక్కలు లేచేవి, తర్వాత కారొచ్చేది. బెజవాడ షోరూముకి ఫోన్ చేస్తే, కారుని నడపొద్దు, లారీ మీద ఎక్కించి పంపండి అన్నారు, ఇంతవుద్దని చెప్పారు. అది విని మావాడు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు, ఆ చెవిలో తగ్గుద్దేమోనని.

కమల “ఇచ్చెయ్యండి, మనిషికంటే డబ్బెక్కువా?” అంది.

“ట్రాక్టరుకి బ్రేకు లైనింగులు నేనే వేసుకుంటున్నా కదే ఇన్నేళ్ళూ. చక్రం చక్రమే.”

“ట్రాక్టరు ఆగకపోతే చేలోకి పోద్ది. ఇది ఆగకపోతే ఎక్కడికి పోద్దండీ? మీరే వేస్తానంటే మాత్రం నేనా కారెక్కను.”

ఎక్కలేదు కూడా. ఆ ఆదివారం వాడొక్కడే కీచుమంటా సముద్రం దాకా పోయొచ్చాడు. ఎట్టా ఉందిరా అంటే, “నీళ్ళున్నాయి” అన్నాడు. వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. కారెందుకు కొన్నాడో ఆ పనే లేకుండా పోయింది కదా మరి.

పార్సిల్లో బ్రేకు ప్యాడ్లొచ్చాయి. డబ్బాలో నాలుగు. ముందు చక్రాలకి, ఒక్కోదానికి రెండు. ఇక జాకీ పెడదామంటే దూరదే! ఆ కారు పొట్ట పొదుగుతున్న కోడిలాగ నేలకానుకుని ఉంటుంది. మన పర్చూరు మెకానిక్కు వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, “బాబాయ్, దీని కిందకి దూరే మనిషి ఇంకా పుట్టలేదు” అని టీ తాగి వెళ్ళిపోయాడు. చివరికి మావాడే చెక్కలేసి, కారుని వాటిమీదకెక్కించి, అప్పుడు జాకీ పెట్టాడు. పాత ప్యాడ్లు చూస్తే ఏముంది, ఎడమ పక్కవి అరిగి ఇనుము బయటపడింది. కొత్తవి బిగించాడు, చక్రం వేశాడు, కాళ్ళు కడుక్కొచ్చాడు.

ఒక్క ఎడమ పక్కేనే! ట్రాక్టరుకి చూశావా, కుడి చక్రానికో పెడలు, ఎడమ చక్రానికో పెడలు ఉంటాయి. దున్నుతూ చాలు చివర మలుపు తిప్పేటప్పుడు ఒకటే తొక్కుతారు. అందుకని ఏ పక్క అరిగితే ఆ పక్కే మార్చడం మనవాళ్ళకి అలవాటు. కుడి పక్కవి ఇంకొన్నాళ్ళొస్తాయిలే అని, మిగిలిన రెండు ప్యాడ్లూ అటకమీద విత్తనాల డబ్బాల పక్కన పెట్టాడు. వచ్చే ఏడాదికంట.

చూడ్డానికి అందరం పోయాం. కల్లం పక్క రోడ్డు, మనుషులెవరూ లేని వైపు. అక్కణ్ణుంచి జోరుగా వచ్చాడు, బ్రేకు తొక్కాడు. కారు ఎడమ పక్కకి లాగేసి, ఎవరో పిలిచినట్టు తిన్నగా కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లోకి పోయింది. ఎర్ర కారు, ఎర్ర కాయలు. ఆ ఘాటుకి అందరికీ దగ్గు. తుమ్ము వినపడబట్టి మావాడు ఎక్కడున్నాడో తెలిసింది. ఇంకొకళ్ళ కాయలైతే గొడవయ్యేది. వాడివే.

కమల చీపురు పట్టుకొచ్చింది. తిట్టలేదు. “షోరూము నంబరు నా ఫోన్లో ఉంది” అంది, అంతే.

వాడు ముక్కు తుడుచుకుని, “అక్కా, ట్రాక్టరుకి రెండు పెడళ్ళు. దీనికొకటే. రెండు పక్కలా సమానంగా పట్టొద్దూ?” అన్నాడు. ఆ మాట ముందురోజు తోచుంటే రెండు బస్తాల కాయలు మిగిలేవి.

“పోనీ ఇప్పుడైనా ఇచ్చెయ్యండి, అందులో నామోషీ ఏముంది?” అంది కమల.

“నామోషీ కాదు కమలా. తప్పెక్కడో తెలిసింది. తెలిసిన తప్పు దిద్దడానికి ఇంకొకణ్ణి పిలవడమెందుకు?”

అటకెక్కి ఆ రెండూ తీశాడు. కుడి పక్కా వేశాడు. ఈసారి మాత్రం నెమ్మదిగా నడిపి, ఆపి, మళ్ళీ నడిపి, కారు గీత గీసినట్టు ఆగేదాకా వదల్లేదు. ఆ పైన గుంటూరు నుంచి ఈ పని తెలిసినాయన్ని పిలిపించి చూపించాడు. ఆయన చక్రాలూడదీసి, చూసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. సరిగ్గా ఉన్నాయని చెప్పినందుకు డబ్బులు తీసుకున్నాడనుకో. తీసుకోనీ, పనిమీద వచ్చాడు. అందుకే నీకూ చెప్తున్నా, చేసుకో. రెండు పక్కలా చెయ్యి, చేశాక పని తెలిసినవాళ్ళకి చూపించు. వాళ్ళకేమీ రాదనుకోమాక, నీకన్నీ వచ్చనీ అనుకోమాక. కాఫీ చల్లారిపోతోంది, తాగు.

ఆ, కమల. అంత చేసినా ఆ ఆదివారం ఎక్కలేదు. గేటు దగ్గర నిలబడి చూసింది. మావాడు ఒక్కడే బయల్దేరాడు. ముందు వాణ్ణి ఆటో దాటిపోయింది. తర్వాత పత్తి లోడు ట్రాక్టరు. తర్వాత మన సాంబయ్య సైకిల్. ఏమైందిరా నీకు అని సాయంత్రం అడిగితే, ఆ అరిగిపోయిన పాత ప్యాడు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

“ఇంత ముక్కే అక్కా. బిస్కెట్టంత. ఇన్నాళ్ళూ అంత జోరు మీద నన్నూ కమలనీ ఆపింది ఇదే. నా చేత్తో తీసి చూసేదాకా నాకు తెలియలేదు” అన్నాడు.

ఆ పై వారం కమల కొత్త చీర కట్టుకుని, తలుపు తీసుకుని, తనే ఎక్కి కూర్చుంది. వీధిలోవాళ్ళంతా బయటికొచ్చారు. నేను ఊరుకుంటానా, కిటికీ దగ్గరికెళ్ళి, “ఏమ్మా, బ్రేకుల మీద నమ్మకం కుదిరిందా?” అనడిగాను.

“బ్రేకుల సంగతి నాకేం తెలుసు వదినా? ఈయనకి భయం కుదిరింది” అంది.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పోతున్నారు. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం భోజనాల వేళకి సముద్రం చేరతారు. మొన్న కమల దారిలో దిగి, సీతాఫలాలు బేరమాడి కొనుక్కుని, నడుచుకుంటూ వెళ్ళి మళ్ళీ ఎక్కిందట. కారు ఆపాల్సిన పని రాలేదంట.