మంటలో నవ్విన ముత్యం

మా బావ నగలు చేస్తాడు, నేను వాటికి రాళ్ళు పొదుగుతాను. కొట్టు ముందున్న టీ బండి దగ్గర ఆయన నోరు విప్పాడంటే అందరి టీలూ చల్లారాల్సిందే. ఆ రోజు బెంచీ మీద లాకెట్ కోసం వచ్చినావిడ కూడా ఉంది. పోయిన తల్లి దిద్దులోని ముత్యం మాకిచ్చి, చుట్టూ కెంపులు పెట్టి లాకెట్ చేయమందావిడ.

"ఇస్తానమ్మా, తొందరేముంది, ముందు టీ తాగు. మీ అమ్మగారి ముత్యమంటే మాటలా! కెంపులు పొదిగాం, మధ్యలో ముత్యం కూర్చోబెట్టాం, తీరా చూస్తే పైన కొక్కెం ఊడొచ్చింది. ఇంకొకడైతే ముత్యం బయటికి తీసి, కొక్కెం మంటతో అతికి, మళ్ళీ పెట్టుకుంటాడు. ముత్యానికి సెగ పడదు కదా! నేను అలాగే అతికేశా."

"ముత్యం ఉండగానే?" టీ పోస్తున్నవాడు చెయ్యి ఆపాడు.

"ఉండగానే! మంట తగిలితే అది కిలకిలా నవ్విందయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వెలుగుకి మిట్టమధ్యాహ్నం వీధిలో జనం నీడలన్నీ అటువి ఇటు తిరిగాయి, ఎదురు కొట్టు బీరువాలో వజ్రాలు సిగ్గుతో తలలు దించుకున్నాయి, ఎక్కడో నడిసముద్రంలో పోయే ఓడలు ఇటు మళ్ళాయి, వాటి వెనకే సముద్రం కూడా బయల్దేరొచ్చి మన గడప ముందు నిలబడి, నా బిడ్డని నాకిచ్చెయ్ అంది. నేను ససేమిరా అన్నా. కాళ్ళు పట్టుకుందమ్మా! కన్నతల్లి అలా ఏడుస్తుంటే ఎవడికి మనసొప్పుతుంది?"

"ఇచ్చేశారా?" అంది ఆవిడ.

"ఇచ్చేశా తల్లీ. ఇంకేం చెయ్యను?"

నవ్వబోయిన టీవాడు ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాడు. నేను తలెత్తలేదు. పొద్దుట్నుంచీ బావ అన్నం ముట్టలేదని నాకు తెలుసు.

"సముద్రం సంగతి సరే అన్నయ్యా. ముత్యం కాలిపోయిందా?" అడిగింది ఆవిడ.

బావ జేబులోంచి చిన్న పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. లోపల నల్లబడి, బీటలిచ్చిన గింజ.

"నా పొగరే దీన్ని కాల్చిందమ్మా. ఇంతకన్నా మంచి ముత్యం తెచ్చి పెడతాను." అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ ఏడ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని పొట్లం తిరిగి ఆయనకే ఇచ్చింది.

"మంచిది నాకెందుకన్నయ్యా? మా అమ్మ చెవికున్నది ఇదే. దీన్నే పెట్టండి."