ఏసుపాదం గారి ఆఖరి నాటిక

అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఏసుపాదం గారి ఇల్లు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి పదహారు రోజులు. కూతురు జెమీమా ఆయన బల్ల సొరుగులు వెతుకుతోంది. పక్కన తల్లి ప్రేమజ్యోతి.

"ఇందులోనూ లేదు మమ్మీ! పాస్టర్ అంకుల్ మళ్ళీ టెక్స్ట్ చేశారు. ఆదివారం రిహార్సల్. లాస్ట్ పేజ్ లేకుండా డాడీ క్రిస్మస్ నాటిక ఎలా వేస్తారు?"

"దొరుకుతుందిలే. ముందు అన్నం తిను."

"ఎక్కడ పెట్టారో నీకు చెప్పలేదా?"

"నీ థీసిస్ ఎందాకా వచ్చింది? ఆ హాలీవుడ్ ఆవిడ..."

"హెస్టర్. టాపిక్ మార్చకు మమ్మీ."

"చెప్పవే, వింటాను."

"సైలెంట్ సినిమాల టైమ్‌లో స్టూడియోలో టైపిస్ట్‌గా చేరింది. నలభై సినిమాలు రాసింది. తెర మీద పేరు మాత్రం వాళ్ళాయనది."

"ఆయన బలవంతం చేశాడా?"

"ఏమో. మంచోడే అంట. ఆయన పోయాక కొత్త కథ తీసుకుని వెళ్తే, మీ ఆయన రాసినవి ఇంకా ఏమైనా మిగిలాయా అని అడిగారంట. అన్నీ నావే అంటే ఒక్కళ్ళు కూడా నమ్మలేదు."

"తర్వాత?"

"టోపీల షాప్‌లో పని చేసింది, చచ్చేదాకా. మళ్ళీ ఒక్క లైన్ రాయలేదు. డ్రాఫ్టులన్నీ ఆమె హ్యాండ్‌రైటింగే మమ్మీ! అయినా ఆయన చెప్తుంటే రాసుకుంది అంటారు. కళ్ళు లేవా వీళ్ళకి?"

"నలుగురూ ఆయన్ని మెచ్చుకుంటుంటే పక్కన కూర్చుని మురిసిపోయేదేమో. ఆయనకీ తెలుసు, తనకీ తెలుసు. అంతే చాలనుకుందేమో."

"మమ్మీ... ఏడుస్తున్నావా? సారీ, ఇప్పుడు ఇవన్నీ చెప్పకూడదు."

"లేదులే. ఆవిడ రాయడం మానేసిందంటేనే బాధగా ఉంది."

"సరే, కొంచెం గుర్తు తెచ్చుకో, ప్లీజ్. ఇరవై రెండేళ్ళు ప్రతి క్రిస్మస్ నాటికా డాడీ చెప్తుంటే నువ్వేగా రాసింది. సత్రం వాడు మరియకి తలుపు తీసే దాకా నీ రైటింగ్‌లో ఉంది. అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత డాడీ ఏం చెప్పారు?"

"ఏం చెప్పలేదు."

"ఒక్క లైనైనా?"

"ఎప్పుడూ ఏం చెప్పలేదమ్మా. ఆయన హాస్పిటల్‌లో ఉంటే నాకు పెన్ను కదల్లేదు. ఆ పేజీ నేనింకా రాయలేదు."