సున్నా చూపించే మీటరు

తండ్రి ముప్పయ్యేళ్ళుగా ఇళ్ళకు వైరింగు చేస్తున్నాడు. కూతురు, వైరులో కరెంటు ఉందో లేదో చూసే చేతి మీటర్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆమెకు ప్రమోషన్ వచ్చిన సాయంత్రం వంటగదిలో ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"ప్రమోషన్ వచ్చిన మొహమేనా అది? ఆముదం తాగినట్టుంది."

"ఎందుకిచ్చారో తెలిస్తే నువ్వూ తాగుతావు నాన్నా."

"చెప్పు మరి."

"మా కొత్త మీటరు కరెంటు లేని వైరుకి కూడా పదో ఇరవయ్యో వోల్టులు చూపిస్తోంది. కొన్నవాళ్ళు తిట్టి వెనక్కి పంపేస్తున్నారు."

"లోపల బోర్డు మార్చాలి."

"మారిస్తే ఖర్చట. యాభై లోపు ఎంతొచ్చినా సున్నా చూపించేలా రాసెయ్యమన్నాడు మేనేజరు. నాలుగు లైన్లు రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు."

"వైరులో నిజంగానే నలభై ఉంటే?"

"అప్పుడూ సున్నానే."

"ఛీ! రోగం కడుపులో ఉంటే మొహానికి పౌడరు రాశారన్నమాట. సున్నా చూశాకే కదే మేం వైరు మీద చెయ్యి వేసేది! తడి గోడ, నిచ్చెన మీద మనిషి. ఉలిక్కిపడి కింద పడితే నడుం ఉంటుందా?"

"తెలుసు. పదకొండేళ్ళు చేసి చివరికి దీనికి పనికొచ్చాను. తల్చుకుంటే నా మీద నాకే రోత. రేపు సరుకు బయటికి పంపే కాగితం మీద సంతకం కూడా నాదే."

"పెడతావా?"

"నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు."

"వాడి సంగతి వాడి నాన్న చూసుకుంటాడు. ఆ సున్నా నమ్మి నువ్వు వైరు పట్టుకుంటావా?"

"పట్టుకోను."

"మరి నన్నెందుకే పట్టుకోమంటావు?"