శనివారం మాష్టారు పైకెక్కించిన లెక్కలు

పెట్టెలోనా, పైనా అని నన్నడుగుతావేంటే? ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకోవడమే నాకు మొన్న మొన్న వచ్చింది. కూర్చో, అలా గుమ్మంలో నిలబడి అడిగితే చెప్పే సంగతి కాదిది. ఆ స్టూలొద్దు, దాని కాలు ఊగుతోంది, కుర్చీ లాక్కో. ఏమన్నావ్, నాలుగు కుట్టు మిషన్లు, ఇద్దరు పనివాళ్లు, సంచులు కుట్టి అమ్మే కొట్టు, దానికి లెక్కల సాఫ్ట్‌వేర్ కావాలి. ఒకాయనొచ్చి, కంప్యూటర్లో వేసేస్తాను, ఒకసారి కొనుక్కుంటే ఇక నీదే అన్నాడు. ఇంకొకాయనొచ్చి, ఇంకా ఆ పాత పద్ధతేంటమ్మా, ఇంటర్నెట్లో పెట్టుకో, నెలనెలా కడితే చాలు, ఎక్కడ కూర్చున్నా చూసుకోవచ్చు అన్నాడు. క్లౌడు. అంటే మబ్బే కదా. మబ్బులో లెక్కలు. ఆ మాట నేను మొదటిసారి విన్నది శనివారం మాష్టారి నోట. నీకు తెలీదులే, నువ్వప్పటికి మా కొట్లో గుండీల డబ్బాల మధ్య ఆడుకునే చిన్నపిల్లవి. ఒకసారి నీలం గుండీ ఒకటి నోట్లో పెట్టుకుంటే మీ అమ్మమ్మ వేలు పెట్టి తీసింది.

శనివారం మాష్టారంటే శని పట్టించే మనిషని కాదు. శనివారం శనివారం వచ్చేవాడని. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, చొక్కా చేతులెప్పుడూ మణికట్టు దాకా గుండీ పెట్టుకుని, నడుస్తుంటే వెనకనుంచి ఎవరో పిలిచారేమో అన్నట్టు మధ్యమధ్యలో ఆగేవాడు. అంతకుముందు టైపు నేర్పేవాడు. మా వీధి చివర మేడమీద ఉండేది ఆయన ఇన్‌స్టిట్యూటు. పన్నెండు మిషన్లు. మధ్యాహ్నం పూట మా కొట్లో కూర్చుంటే ఆ పన్నెండూ ఒక్కసారిగా మోగుతుండేవి, రేకుల మీద చినుకులు పడుతున్నట్టు. నాకు ఆ చప్పుడు వింటే కునుకు పట్టేది. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, టైపు నేర్చుకునేవాళ్లు లేకపోయారు, ఒక్కొక్క మిషనూ మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆయనేమీ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోలేదు. ఆ వయసులో వెళ్లి కంప్యూటరు నేర్చుకున్నాడు. కొట్లవాళ్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ వేసిపెట్టడం, పన్ను మారితే సర్దిపెట్టడం, శనివారం శనివారం వచ్చి బ్యాకప్పు తీయడం. బ్యాకప్పంటే నీకు చెప్పక్కర్లేదు కదా, పెట్టెలో ఉన్న లెక్కలకి ఇంకో నకలు. అది పెన్‌డ్రైవులో తీసి, ఏ కొట్టుదో తెలియడానికి దానికో రంగు దారం కట్టేవాడు. దారాలు మా కొట్లోవే. మాది ఆకుపచ్చ, టైర్ల కొట్టుది నీలం, మెట్లకింద ఇనుము కోసే లేతు మిషన్ పెట్టుకున్నాయనది పసుపు. అన్నీ చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. మొత్తం వీధి లెక్కలన్నీ ఆ ఒక్క జేబులో, చూడు. నకలు తీస్తుంటే కంప్యూటర్లో ఆ పచ్చటి గీత నెమ్మదిగా కదులుతుంది కదా, దాన్ని చూస్తూ కూర్చునేవాడు, ఏటి ఒడ్డున కూర్చున్నవాడిలాగా. నేనూ పక్కన కూర్చునేవాణ్ని. కిటికీలోంచి ఎండ వచ్చి గాజు డబ్బాల మీద పడేది, గోడ నిండా రంగురంగుల చుక్కలు. అలాంటి శనివారాలెన్ని గడిచాయో చెప్పలేను.

ఎక్కడున్నాం? ఆ, సరే. ఒకసారి మా కంప్యూటరు చచ్చిపోయింది. కొత్త డిస్కు వేయించాం. మాష్టారొచ్చి పాత లెక్కలన్నీ మళ్లీ ఎక్కించాడు. మీ అమ్మమ్మ తెరిచి చూసింది. మన కొట్లో అసలు టైర్లెప్పుడు అమ్మాం అంది. నేననుకున్నా, ఈవిడకి కళ్లజోడు మార్చాలని. వంగి చూస్తే నిజంగానే టైర్లు. లారీ టైర్లు, ట్యూబులు, ఎవరెవరో డ్రైవర్ల పేర్లు. టైర్ల కొట్టు లెక్కలు మొత్తం మా పెట్టెలో కూర్చున్నాయి. నాకు నవ్వొచ్చింది. మాష్టారి వైపు చూస్తే ఆయన నవ్వట్లేదు. చేతిలో పెన్‌డ్రైవు పట్టుకుని దాని నీలం దారం కేసి చూస్తున్నాడు. ఇది మీదే కదండీ అన్నాడు. కాదు మాష్టారూ, నీలం అన్నాను. అది నాకూ కనపడుతోందండీ, కానీ ఏ రంగు ఎవరిదో ఇందాకటి నుంచీ గుర్తు రావట్లేదు అన్నాడు. నష్టమేం జరగలేదులే, మాది జేబులోనే భద్రంగా ఉంది, తీసి ఎక్కించాడు. కానీ ఆరోజు టీ తెప్పిస్తే తాగలేదు. కప్పు మీద మీగడ కట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. వెళ్లేముందు నన్ను కొట్టు బయటికి పిలిచి, ఈ మరుపు ఇవాళ్టిది కాదు, ఆరేడు నెలలుగా ఇలాగే ఉంది, డాక్టరు కూడా చూశాడు, పోయిన జ్ఞాపకం ఇంక వెనక్కి రావడమనేది ఉండదన్నాడు, మీరు ఎవరికీ చెప్పకండి అన్నాడు.

నేను నిజం చెప్తాను, నాకు ముందు జాలి కలగలేదు. భయమేసింది. అంతకన్నా కోపమొచ్చింది. ఆరేడు నెలలుగా తెలిసి, ఈ మనిషి మా అందరి లెక్కలూ జేబులో వేసుకుని ఎలా తిరిగాడని. పెన్‌డ్రైవుల సంగతి అటుంచు, సగం కొట్ల పాస్‌వర్డులు ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఎక్కడా రాసుకోడు. రాస్తే ఇంకొకరి కంట పడుతుందని. ఇంటికొచ్చి మీ అమ్మమ్మతో చెప్పాను, ఎవరికీ చెప్పనన్నాను గానీ ఆవిడ లెక్కలోకి రాదు కదా. ఆవిడ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, ఆయన మీకెందుకు చెప్పాడంటారు, సాయం అడగడానికి నోరు రాక కదా అంది. నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినట్టు వెళ్లి పెరట్లో కాసేపు నిలబడ్డాను.

మళ్లీ శనివారం ఆయన రాగానే, ఏం చేద్దాం మాష్టారూ అన్నాను. ఆయన దగ్గర అప్పటికే ఆలోచన ఉంది. ఒక్కొక్క కొట్టుకీ వెళ్లి, నేను లేకుండా నడిచేట్టు చేసి వచ్చేయాలి అన్నాడు. అప్పుడు చెప్పాడు ఈ మబ్బు సంగతి, అక్కడ పెడితే నకలు తీయడానికి మనిషి అక్కర్లేదని. మరి అందరూ అక్కడికెళ్లిపోతే మిమ్మల్ని శనివారం పిలిచేదెవరు అన్నాను, మాట జారింది. ఎవరూ పిలవరు, అందుకేగా అన్నాడు. ఇంకొకడైతే ఏం చేసేవాడు, చెప్పు. పెట్టెలోనే ఉంచుకోండి, అదే మంచిది అని ఇంకో రెండేళ్లు లాగించుకునేవాడు.

మీ అమ్మమ్మ మాత్రం మొదట ససేమిరా అంది. నా లెక్కలు ఎక్కడో ముక్కూమొహం తెలీనివాళ్ల దగ్గరెందుకు, నా కళ్లెదుట పెట్టెలో ఉంటే నాకు నిద్ర పడుతుంది అంది. మాష్టారు వాదించలేదు. సొంతిల్లు లాంటిదమ్మా పెట్టెలో పెట్టుకోవడం, నెలనెలా ఎవరికీ కట్టక్కర్లేదు, ఇంటర్నెట్ పోయినా పని ఆగదు, కానీ పైకప్పు కారితే నిచ్చెనేసుకుని మనమే ఎక్కాలి అన్నాడు. పైన పెట్టుకుంటే అద్దిల్లు, మరమ్మతులు వాళ్లవి, నకలు వాళ్లే తీస్తారు, ఏ ఊరెళ్లినా తలుపు తీసుకోవచ్చు, కానీ అద్దె ఆపితే బయట నిలబడాలి, అందుకని ఏడాదికోసారి మన లెక్కలు మనం దించుకుని దాచుకోవాలి అన్నాడు. మీ అమ్మమ్మ అప్పటికీ మెత్తబడలేదు. నాది నా దగ్గరుంటేనే బాగుంటుంది మాష్టారూ అంది. అప్పుడాయన చొక్కా జేబు మీద చెయ్యేసుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు, "మీది మీ దగ్గరెక్కడుందమ్మా, ఇన్నాళ్లూ నా జేబులో ఉంది. ఇప్పుడు నా జేబుకి చిల్లు పడింది."

ఆవిడ లేచింది. కంప్యూటరు ముందు కుర్చీ తుడిచి ఆయనకేసింది. ఆ మధ్యాహ్నమే మా లెక్కలు పైకెళ్లాయి. పచ్చటి గీత కదులుతుంటే మేం ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. పది పన్నెండేళ్ల గుండీలు, జిప్పులు, లేసులు, దారపు ఉండలు అన్నీ అలా గోడలోంచి బయటికి, ఆ ఎండలోకి, ఎక్కడికో వెళ్లిపోతున్నట్టు అనిపించింది నాకు. చప్పుడు లేదు, ఏం లేదు.

తర్వాత రెండు మూడు నెలలు, కొట్టు మీ అమ్మమ్మకి వదిలేసి ఆయనతో నేనూ తిరిగాను. దారి మర్చిపోతే చెప్పడానికి. అందరికీ ఒకటే మందు ఇవ్వలేదాయన, అది గుర్తుపెట్టుకో. టైర్ల కొట్టాయనకి ఊరవతల ఇంకో కొట్టుంది, అక్కడ తమ్ముడు కూర్చుంటాడు, రోజూ ఫోన్లో సరుకెంత ఉందని కొట్టుకుచచ్చేవాళ్లు. మీకు పైనే అన్నాడు. లేతాయనది మెట్లకింద గది, అక్కడ ఫోనే పలకదు. ఆయన కూడా మబ్బు కావాలని మారాం చేశాడు, టైర్లాయనకి పెట్టి నాకెందుకు పెట్టవని. మీకొద్దు, పెట్టెలోనే ఉంచండి అని, ఆయన భార్యని పిలిచి కూర్చోబెట్టి బ్యాకప్పు తీయడం నేర్పాడు. ఆమెతో పదిసార్లు తీయించాడు. ఒకటి ఇక్కడ, ఒకటి ఇంట్లో బీరువాలో, రెండూ ఒక చోట పెట్టొద్దు అని చెప్పాడు. ఆమె నేర్చుకుంది. ఆమె మొగుడే చూస్తూ చూస్తూ లేతు పక్కన నిద్రపోయాడు.

చివరికి మిగిలింది బట్టలు కుట్టే ఆవిడ. భర్త పోయాడు, మరిది కొట్టు మీద కన్నేశాడు. అందుకని లెక్కలు ఎవరూ తెరవకుండా పెద్ద పాస్‌వర్డ్ ఒకటి మాష్టారే పెట్టాడు, అప్పటికి ఏడేళ్ల కిందట. ఆవిడ బిల్లులు రాసుకోగలదు గానీ, మొత్తం లెక్కలు బయటికి తీయాలంటే అది కొట్టాలి. నాకు చెప్పొద్దు మాష్టారూ, మరిది గద్దిస్తే నేను చెప్పేస్తాను అందట అప్పుడు. ఈయన వెళ్లి కూర్చున్నాడు. రాలేదు. ఇంకో రోజు కూర్చున్నాడు. రాలేదు. ఏదేదో కొట్టడం, తప్పని ఎర్రక్షరాలు రావడం. మూడోసారికి నుదురంతా చెమట. ఆవిడే, పోనీండి మాష్టారూ, కొత్తగా మొదలుపెట్టుకుంటాను అంది. ఈయన లేవడు. ఏడేళ్లమ్మా అంటాడు. నేను ఆయన మొహం చూడలేక కత్తెరలు లెక్కపెడుతున్నాను, గోడకి ఆరున్నాయి.

ఆవిడ చిన్నప్పుడు ఆయన దగ్గర టైపు నేర్చుకుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. కాసేపు ఆయన చేతుల్నే చూసింది. తర్వాత లేచి, లైనింగు గుడ్డ ఒకటి, లేత గులాబీ రంగుది, తెచ్చి కీబోర్డు మీదా ఆయన చేతుల మీదా కప్పింది. "మీరే కదా మాష్టారూ అనేవాళ్లు, చూడొద్దు, తలుచుకోవద్దు, వేళ్లకి తెలుసు అని. మా చేతుల మీద కూడా ఇలాగే కప్పేవాళ్లు." ఆయన ఆ గుడ్డకేసి చూశాడు. కళ్లు మూసుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది, గుడ్డ అంచు కదులుతోంది. దానికింద వేళ్లు కదిలాయి. గబగబా, ఆ మేడ మీద మిషన్ల చప్పుడులాగే, తడబాటు లేకుండా. కంప్యూటర్లో చుక్కలు పడ్డాయి, లెక్కల తలుపు తెరుచుకుంది. ఆయన కళ్లు తెరిచి, ఏం కొట్టానమ్మా నేను అన్నాడు. మాకేం తెలుసు, చుక్కలేగా కనపడింది. ఆవిడ పైట నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. ఆయన మాత్రం ఆ గుడ్డ తీసి, నలగకుండా మడిచి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

అంతే, ఆవిడ లెక్కలూ బయటికొచ్చాయి, ఇంక పనేమీ మిగల్లేదు. ఆరోజే జేబులో ఉన్నవన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేశాడు. నేను అనుకున్నాను, ఇంక రాడని. వచ్చాడు. శనివారం శనివారం వచ్చేవాడు, ఏడాది పైనే. ముందు కొన్నాళ్లు ఒక్కడే, తర్వాత కూతురు చెయ్యి పట్టుకుని. ఆ పిల్ల బజారు పని చూసుకొచ్చేదాకా మా కొట్లో కూర్చునేవాడు. ఒకరోజు నన్ను చూసి, ఇది ఎవరి కొట్టండీ అన్నాడు, చాలా మర్యాదగా. గుండీల కొట్టండీ అన్నాను. అలాగా, అయితే నాకు గుండీలు కావాలి అన్నాడు. ఆయన చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి. అయినా నేను డబ్బాలు దించాను. ఒక్కొక్కటే గాజు బల్ల మీద పోసి, వేలితో జరిపి చూస్తూ, వెలుతురుకి పట్టుకుని చూస్తూ, గంటపైన చూశాడు. కొన్నిటిని పక్కన పెట్టేవాడు, మళ్లీ కలిపేసేవాడు. నలభై ఏళ్లు అమ్మానే నేను గుండీలు, గుండీని అలా చూసిన మనిషిని చూడలేదు. చివరికి ఐదు తీసుకున్నాడు. ఒకదానితో ఒకటి కలవవు, ఐదు రంగులు. ఇవి సరిపోతాయా అండీ అన్నాడు. సరిపోతాయి అన్నాను. కాగితంలో చుట్టి ఇస్తే జేబులో వేసుకుని, పైనుంచి చెయ్యి ఆనించుకుని...

ఏంటీ? ఆ, నీ కొట్టు. నీ కొట్లో నెట్టు రోజుకి ఎన్నిసార్లు పోతుందో ఒక వారం రాసిపెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం. ఆ కిటికీ రెక్క కొంచెం వెయ్యి, ఎండ కంట్లో పడుతోంది.