కడుపు లేని బొమ్మ

మహబూబ్‌నగర్‌లో ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబ్. బల్ల మీద ప్లాస్టిక్ గొంతు, దాని కింద డబ్బాలు, వెనక గాలి పీల్చే మిషన్. ఆ గొంతు ముందు, చేతిలో ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ పంపుతో కల్వకుర్తి హనుమమ్మ. పక్కన తెల్లకోటులో, కళ్లద్దాలతో ఆమె మనుమరాలు అనూహ్య.

“గిది నోరు, గిది గొంతు, గీ డబ్బాలు ఊపిరితిత్తులు. సమజైందా అవ్వా?”

“అయింది. కడుపేది?”

“దీనికి కడుపుండదు.”

“తిననిది ఎట్ల బతుకుతది?”

“బతకనీకి కాదే. పీల్చిన మందు లోపట యాడ పడ్తాందో చూడనీకి. నువ్వు ఇంట్ల కొట్టుకున్నట్టే దీని నోట్ల పంపు కొట్టు.”

“కొట్టిన. ఇగ మింగుమను.”

“ఏంది?”

“మింగుమను. బుక్కెడు నీళ్లు గూడ పొయ్యి.”

“అవ్వా, నువ్వు మందు మింగుతున్నవా?”

“మందంటె మింగుడు గాక ఏంది?”

“ఎన్నొద్దుల సంది?”

“రెండేండ్ల సంది. పొద్దుగాల రెండు, మాపటికి రెండు. ఒక్కనాడు తప్పలె.”

“అందుకే ఆయాసం తగ్గుతలేదు. మందంత కడుపులకే పోయింది.”

“నిజమే బిడ్డా. కడుపుకైతె ఒక్కనాడు ఆయాసం రాలె.”

“నవ్వకు. మొన్న వానకాలం నిన్ను దవాఖానల ఏస్తె, నీకేమైతదో అని నాకు బువ్వ గూడ సయించలె. మింగుమని ఎవరు చెప్పిన్రు?”

“ఎవరో చెప్పిన్రు తియ్.”

“మందుల దుకాణం మెహమూద్ మామనా?”

“పాపం, ఆయిన్నెందుకంటవ్. ఆయిన పీల్చుమనే చెప్పిండు. నేనే ఇనలె.”

“ఎందుకినలె?”

“ఆయిన కంటె పెద్ద సదువోల్లు మింగుమన్నరు మల్ల.”

“నర్సా? డాక్టరా?”

“జర నిమ్మలంగుండు. పేరు చెప్తె నువ్వు ఊకుంటవా?”

“ఊకోను. తెల్వకపోతె తెల్వదనాలె గని, మంది పానంతోని ఆటలా? అసొంటోల్లు నీ ముంగట నిలవడి లెంపలేసుకోవాలె.”

“ఎన్ని?”

“పది.”

“పది ఎక్కువైతయేమో. ఐదు చాలు.”

“పదికి ఒక్కటి తగ్గొద్దు. పేరు చెప్పు.”

“అయితె ఆ కండ్లద్దాలు తీసి పక్కకు పెట్టు బిడ్డా, పగుల్తయి. గీ కాలేజీల సీటొచ్చిన నాడు, కొత్త తెల్లకోటేసుకొని, నాకు నేర్పింది నువ్వే.”