పాలసొర వాసన

ఆలమూరు. తాతబ్బాయి గారి వంటిల్లు. రాజోలు నుంచి కారులో వచ్చిన వియ్యపురాలు భవానీదేవి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“ముందు ఆ కిటికీ తియ్యండి అన్నయ్యగారూ. మాటలు తరవాత.”

“తీసే ఉందండి చెల్లెమ్మగారూ.”

“తీసి ఉంటేనే ఇలా ఉందా! ఛీ ఛీ ఛీ. ఏం చచ్చిందండీ ఇంట్లో?”

“అబ్బే, ఏమీ చావలేదండి. వంట చేస్తున్నాను.”

“వంటా? ఇది వంట వాసనా?”

“ఆయ్. రండి, లోపలికొచ్చి కూర్చోండి. మంచినీళ్ళు ఇవ్వనా?”

“ఈ గదిలో నీళ్ళు నా గొంతు దిగుతాయా? ముక్కు మీంచి చెంగు తీస్తే డోకొచ్చేలా ఉంది. మా కోడలు పద్మ ఏది?”

“స్కానింగుకని కొత్తపేట వెళ్ళిందండి. మా వీధిలో ఆశా వర్కరు లిడియా లేదూ, ఆవిడ తోడెళ్ళింది. ఆటోలో.”

“నెలలు నిండిన పిల్ల ఆటోలోనా!”

“మనకి తెలిసిన కుర్రాడేనండి. నెమ్మదిగా నడుపుతాడు. సీటు మీద దిండు కూడా వేసి పంపేను.”

“సరే, వచ్చేక చెప్పండి. కారు వీధిలోనే ఆపించేను.”

“కారెందుకండీ?”

“ఎందుకేమిటి? ఈ కంపులో పిల్లని కనమంటారా? మా ఇంటికి తీసుకుపోతాను. పురుడు రాజోల్లో.”

“తొలి కాన్పు కదండీ. పుట్టింట్లో జరగాలి కదా.”

“పుట్టిల్లంటే గోడలా అన్నయ్యగారూ? నొచ్చుకోకండి. రత్నమాల వదిన ఉండుంటే నేను ఈ గుమ్మంలో నిలబడి ఈ మాట అనేదాన్నా?”

“నొచ్చుకోలేదండి. ఉన్న మాటే. కానీ ఆవిడ ఉంటే ఏమేం చేసేదో అవన్నీ చేసి పెట్టేనండి, ముందుగానే. ఒక్కసారి చూడండి. చూసేక మీరు తీసుకెళ్తానంటే నేను అడ్డం రాను.”

“ఏం చేసి పెట్టేరు?”

“పథ్యం కూరలూ చారులూ వండేసి, పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టేనండి. కాన్పయ్యేక రోజుకో పొట్లం తీసి వేడి చెయ్యడమే. నేను పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. బిడ్డని ఎత్తుకుని కూర్చోవచ్చు.”

“బాలింతకి ఐసు పెట్టెలో తిండా? రామ రామ! పూటకి పూట వండి, పొగలు కక్కుతుంటే పెట్టాలండీ బాలింతకి. చద్దన్నం వాసన కూడా తగలనివ్వరు.”

“వేడి చేసే పెడతానండి. ఇప్పుడు అందరూ...”

“అందరూ ఎవరు? ఏదీ, తియ్యండి ఆ ఫ్రీజరు మూత. చూస్తాను.”

“ఆయ్. ఇదిగోనండి.”

“అమ్మ బాబోయ్!”

“ఏమైందండీ?”

“ఏమైందంటారేమిటి! కళ్ళు మండుతున్నాయి. ముయ్యండి, ముయ్యండి. కాదు, ఆగండి. అదేమిటది? పాల ప్యాకెట్లా?”

“శుభ్రంగా కడిగేనండి. వేణ్ణీళ్ళతో కడిగి, తీగ మీద ఆరేసి, కొవ్వొత్తితో మూతి అంటించేను.”

“పాల ప్యాకెట్లో పప్పుచారా! ఇదేమిటి, ఇలా నల్లగా?”

“మిరియాల చారండి. ఆ కింద ఉన్నది వెల్లుల్లి కారం. ఆ రాయిలా ఉన్నది కాయం.”

“బాలింత కాయమా! శొంఠి వేసి, నెయ్యి పోసి చేసే కాయాన్ని ఎవరైనా ఫ్రీజర్లో పెడతారా? సుత్తి పెట్టి కొట్టినా పగలదు. బిడ్డ అన్నప్రాసన నాటికి కరుగుతుందిది.”

“పాడవకుండా ఉంటుందని...”

“ఇవన్నీ ఇలా అతుక్కుపోయి ఉన్నాయేం? అడుగున చూడండి, చారూ పప్పూ కలిసి ఎర్రటి మడుగు కట్టి గడ్డ కట్టేసింది. ఛీ. చేతికి జిడ్డు. అన్నయ్యగారూ, ఇది ఒకసారి కరిగి మళ్ళీ గట్టిపడింది.”

“కరెంటు పోయుంటుందండి.”

“ఎప్పుడు పోయింది?”

“అప్పుడప్పుడూ పోతుంటుంది కదండీ.”

“ఊఁ. మరి ఆ గట్టు మీద మూత పెట్టి ఉందే, గుండ్రంగా, కుండలాగా. కంపంతా అందులోంచి వస్తోంది. అదేమిటి?”

“అదేనండి స్లో కుక్కరు. మా అల్లుడు సాయి పంపించేడు కదండీ, దోహా నుంచి. పొద్దున్న అన్నీ వేసి స్విచ్చి నొక్కితే సాయంత్రానికి అదే ఉడుకుతుంది. కలపక్కర్లేదు, చూడక్కర్లేదు. మాడదు. అదండి దాని గొప్ప. ఎంతసేపు వదిలేసినా మాడదు.”

“మా వాడు పంపినదా? నాకు మిక్సీ పంపమంటే రెండేళ్ళయింది. సరే, అందులో ఏముంది?”

“పాలసొరండి. పిట్టు చేద్దామని. పాలు పడతాయి కదండీ బాలింతకి. చేపల సూరయ్య అంతర్వేది నుంచి తెచ్చిచ్చేడు.”

“ఎప్పుడు తెచ్చేడు?”

“మొన్నండి. ఫ్రీజర్లో పెట్టేను. పొద్దున్న తీసి ఇందులో వేసేను.”

“సొరచేప తెచ్చిన పూటే ఉడకాలి. పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, ఇసకలా గరగరలాడే ఆ తోలు గీకి పారేసి, నీళ్ళన్నీ పిండేసి, పొడిపొడిగా చిదుముకుని, అప్పుడు ఉల్లిపాయలూ వెల్లుల్లీ వేసి వేయించాలి. తోలు తీసేరా?”

“తోలుతో పాటు వేసేస్తే మెత్తబడి దానంతటదే ఊడుతుంది కదా అని...”

“తోలుతోనా! మూత తియ్యకండి. తియ్యకండంటుంటే! అయ్యో, తీసేసేరు. ఛీ, యాక్. గరిటె పైకెత్తండి. చూడండి, తీగ సాగుతోంది. జిగురు. ఇది పిట్టా? పిల్లి ముట్టదు దీన్ని. మరుగుదొడ్డి గోడలకి కొట్టే వాసనండీ ఇది!”

“సొర కొంచెం నిలవుంటే అమోనియా పుడుతుందండి. దాని ఒంట్లో యూరియా ఎక్కువ. వాసన రావడం సహజమే.”

“అదొకటి తెలుసన్న మాట! కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేరు కదా. పిల్లలకి సీసా మూత తీసి అమోనియా వాసన చూపించేరు కదా. మరి మీ వంటింట్లో పుడితే మీకు తెలీలేదా?”

“కొద్దిగా జలుబు చేసిందండి.”

“ఎప్పటినుంచి?”

“మొన్నటినుంచండి.”

“మీ జలుబూ మొన్నటిదే, సొరా మొన్నటిదే. దీని వైరు ఎక్కడ పెట్టేరు?”

“ఆ మూల బోర్డులోనండి.”

“అది ఫ్రీజరు బోర్డు కదా. మరి ఫ్రీజరు వైరు? ఇదిగో, నేల మీద పడి ఉంది. అన్నయ్యగారూ! ఫ్రీజరు పీకేసి కుక్కరు పెట్టేరా?”

“దోహా ప్లగ్గు కదండీ. దాని పిన్నులు పలకగా ఉంటాయి. మన బోర్డుల్లో దేంట్లోనూ పట్టదు. ఆ ఒక్కదాంట్లోనే దూరుతుంది. సాయంత్రం కుక్కరు తీసేసి మళ్ళీ ఫ్రీజరు పెట్టేస్తానండి. మరిచిపోకుండా.”

“వండిన ప్రతిరోజూనా?”

“ఆయ్.”

“అంటే ఇవాళ వండింది దాచడానికి, నిన్న వండిందాన్ని కుళ్ళబెట్టేరన్న మాట!”

“మూత తియ్యకపోతే చల్లగానే ఉంటుందనుకున్నానండి. పాల ప్యాకెట్టు పట్టుకుంటే సాయంత్రానికి కూడా కొంచెం చల్లగానే...”

“మీరు చదివిన చదువుకి ఇలా... ఛీ, ఏమనాలో తెలీట్లేదు. దీన్ని మా కోడలికి పెట్టేవారా? పచ్చి బాలింతకి? పాల ద్వారా ఆ పసిగుడ్డుకీనా?”

“అలా అనకండి చెల్లెమ్మగారూ. తెలిసి చెయ్యలేదు నేను.”

“తెలీక చేసినా విషం విషమే. ఏదీ, ఆ బక్కెట్టు ఇటివ్వండి. అన్నీ అందులో వెయ్యండి. పెరట్లో గొయ్యి తీయించి పాతిపెట్టించండి, కుక్కలు తవ్వకుండా లోతుగా.”

“అన్నీనా?”

“అన్నీ.”

“ఆ ఆనపకాయ కూరొక్కటి ఉంచకూడదాండీ? అమ్మాయికి చాలా నచ్చింది. మొన్న రుచి చూడమని పెడితే బాగుంది నాన్నా అని రెండోసారి పెట్టించుకుంది.”

“మీ ఎదురుగానే తిందా?”

“నా ఎదురుగానేనండి. నేను మజ్జిగ తెద్దామని లేచొచ్చేసరికి కంచం ఖాళీ.”

“ఊఁ.”

“తినేటప్పుడు తల వంచుకుని అచ్చం వాళ్ళమ్మలాగే ఉంటుందండి. ఆ కాసేపూ ఈ వంటిల్లు మళ్ళీ వంటిల్లులా ఉంటుంది. అందుకేనండి, ఇంత పని పెట్టుకున్నాను. పురుడు ఇక్కడ పోస్తే, ఆ నాలుగు నెలలూ...”

“కళ్ళు మూసుకోండి.”

“ఏంటండీ?”

“మూసుకోండంటున్నాను. చిన్నపిల్లాడిలా వేళ్ళ సందుల్లోంచి చూడకండి.”

“ఆయ్. మూసుకున్నానండి.”

“ఇదేమిటో వాసన చూసి చెప్పండి.”

“జలుబండి నాకు.”

“జలుబైనా పరవాలేదు. గట్టిగా పీల్చండి.”

“కాఫీ పొడేనండి.”

“సరిగ్గా చూడండి.”

“కాఫీ పొడే. ఆ గట్టు మీద పెట్టింది.”

“కళ్ళు తెరవండి. ఇంగువ. పక్కింటికి వినబడే ఇంగువ.”

“ఆ డబ్బా ఇలా ఇవ్వండి. మూత పెడతాను.”

“ఎప్పటినుంచి అన్నయ్యగారూ?”

“కూర్చోండి చెల్లెమ్మగారూ.”

“మీరు కూర్చోండి. ఎప్పటినుంచి?”

“కరోనా అప్పటినుంచండి. ఇద్దరికీ ఒకేసారి వచ్చింది కదా. ఆవిడ వెళ్ళిపోయింది. నేను మిగిలేను, నా ముక్కు మిగల్లేదు. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగొచ్చిందన్నారు. నాకు రాలేదు. ఉప్పూ కారం నాలిక్కి కొంచెం తెలుస్తాయి, అంతే. ఒక రకంగా మంచిదేలెండి. ఆవిడ చీరలు బీరువాలోంచి తీసినప్పుడు ఏ వాసనా రాలేదు. వచ్చుంటే తట్టుకోలేకపోయేవాణ్ణేమో.”

“ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?”

“ఏమని చెప్తానండీ? రెండు గిన్నెలు మాడ్చేను. ఒకసారి పాలు పొంగి పొయ్యి ఆరిపోతే, గ్యాసు అలా వస్తూనే ఉంది. నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. అమ్మాయి అప్పుడే పండక్కని వచ్చి ఉంది. కట్టేసింది. చెయ్యి తగిలి నాబు తిరిగిందనుకుందిలే అని ఊరుకున్నాను. అందుకే ఈ కుక్కరు పంపమని సాయికి నేనే చెప్పేను. మంట ఉండదు, మాడదు. ముక్కు లేనివాడికి ఇంతకన్నా ఏం కావాలి?”

“అమ్మాయికి తెలీదంటారు.”

“తెలీదండి. తెలిస్తే నన్ను ఒంటరిగా ఉండనివ్వదు. మీకు తెలిస్తే పురుడు ఇక్కడ పొయ్యనివ్వరు. ఇప్పుడు తెలిసిపోయింది. మీరన్నదే నిజం. పసిబిడ్డ పాలు విరిగినా తెలీని వాడి చేతిలో పిల్లని ఎలా పెడతారు? అమ్మాయి బట్టలు నేనే సర్దుతాను, ఉండండి. కాళ్ళకి వేసుకునే మేజోళ్ళు ఎక్కడున్నాయో నాకే తెలుసు.”

“ఆగండి.”

“ఆ ఊరగాయ జాడీ కూడా తీసుకెళ్ళండి. అది పాడవ్వలేదు. రత్నమాల వాళ్ళ అక్క పెట్టింది.”

“ఆగండి అన్నయ్యగారూ. ఆ ఆనపకాయ కూర పద్మ తినలేదు.”

“తిందండి. నేను చూసేను.”

“ఒక్క ముద్ద తింది. మీరు మజ్జిగకి లేచినప్పుడు మిగతాది పెరట్లో అరటి మొదట్లో పోసింది. రెండోసారి పెట్టించుకున్నదీ అక్కడే పోసింది. పెరట్లోకెళ్ళి చూడండి, మీ అరటి చెట్టుకి ఎన్ని కూరలు పెట్టిందో!”

“మీకెలా తెలుసండీ?”

“పాలు పొంగిన రోజే దానికి తెలిసిపోయింది. మీరు పడుకున్నాక రోజూ గ్యాసు సిలిండరు ఎవరు కట్టేస్తున్నారనుకున్నారు? నాన్న చాలా ముచ్చటపడి చేస్తున్నారు అత్తయ్యా, ఆపలేకపోతున్నాను, తినలేకపోతున్నాను అని ఫోనులో ఒకటే ఏడుపు. ఇంత కంపు కొడుతుందని మాత్రం చెప్పలేదు, మాయదారి పిల్ల. చెప్పుంటే ముక్కుకి గుడ్డ కట్టుకునే దిగేదాన్ని.”

“అయితే మరి... తీసుకెళ్తానన్నారు?”

“మీ నోటితో మీరు చెప్తారేమోనని చూసేను. చివరికి ఇంగువ పెట్టి చెప్పించుకోవలసొచ్చింది. ఇంక ఆ దరిద్రాన్ని కుండతో సహా బయట పెట్టండి. నేను ఇల్లు కడగాలి.”

“మీరు కడగడమేమిటండీ! వియ్యాలవారు...”

“మీ బావగారు తోటలో కొబ్బరికాయల దింపు అవ్వగానే ఆయనా వస్తారు. ఇద్దరం ఇక్కడే. వియ్యంకుడి ఇంట్లో చేరేరని రాజోల్లో నవ్వుతారు. నవ్వనీండి. పొయ్యి దగ్గర నేనుంటాను, బిడ్డని మీరెత్తుకోండి. వెళ్ళి డ్రైవరుకి చెప్పండి. డిక్కీలో ఉన్నవి పద్మ బట్టలకని తెచ్చిన ఖాళీ పెట్టెలు కావు. నా బట్టలు. నాలుగు నెలలకి సరిపడా.”