ఒకటికి యాభై: మా కొలజాడీ అక్కయ్యగారికి అభినందన

పందొమ్మిది వందల ఎనభై ఆరవ సంవత్సరం జూలై ఏడవ తేదీ, సోమవారం ఉదయం, మన పత్ర భాండాగారపు ఛాయాచిత్ర విభాగంలో తాత్కాలిక సహాయకురాలిగా చేరిన ఇరవై రెండేళ్ల యువతి, ముప్పై ఎనిమిది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, చీకటిగది పర్యవేక్షకురాలి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. హాజరుపట్టీలో ఏ పేరున్నా, మూడు తరాల ఉద్యోగులకు ఆమె కొలజాడీ అక్కయ్యగారే. మందు కొలిచే గీతల గాజు జాడీ ఎప్పుడూ చేతిలో ఉండేది గనుక, ఆ పేరు మొదట వేళాకోళంగా పెట్టినది. తరువాత గౌరవంగా నిలిచిపోయినది.

ఆమె చేరిన రోజులలో ఫిల్మును కడిగే డెవలపరు పొడి రూపంలో పొట్లాలుగా వచ్చేది. ముందురోజే గోరువెచ్చని నీటిలో కరిగించి, చల్లార్చి, వడపోసి ఉంచవలసి వచ్చేది. ఆ పొడి ముక్కులోకి పోయి ఉదయమంతా తుమ్ములే. అప్పటి ప్రధాన ఛాయాగ్రాహకులు బహు కఠినులు. తొలి ఆరు నెలలు ఆమెకు సీసాలు కడిగే పని తప్ప మరొకటి అప్పగించలేదు. అక్కయ్యగారు ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. సీసాలు కడుగుతూనే ఏ మందు ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏది గాలి తగిలితే చెడుతుందో గమనించి, వ్రాసి పెట్టుకున్నారు.

తొంభై ఒకటిలో గాఢద్రవ రూపంలో డెవలపరు వచ్చింది. చిన్న సీసాలోని చిక్కని మందును అప్పటికప్పుడు నీటిలో కలిపి, ఒకసారి వాడి పారబోయడమే. పని సులువైందని అందరూ సంతోషించగా, కష్టం ఇప్పుడే మొదలైందని గ్రహించినవారు ఆమె ఒక్కరే. ఒక పాలు మందుకు పాతిక పాళ్ల నీరు కలిపితే పని త్వరగా ముగుస్తుంది గాని, వెలుతురు ఎక్కువగా పడిన చోట అక్షరం మాడిపోతుంది. వంద పాళ్లు కలిపితే వెలుగునీడలు రెండూ నిదానంగా, ఓర్పుగా పైకి వస్తాయి గాని, అసలు మందు చాలకపోతే బొమ్మ నీరసించిపోతుంది. ఫిల్మును ముంచే ట్యాంకు నిండితే చాలుననుకునే మాబోటి వారికి ఆమె ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు: “నీళ్లు ట్యాంకు నింపడానికే నాయనా. పనిచేసేది మందు. ఒక్కో రోలుకి ఎంత మందు పడిందో చూసుకో, తర్వాత నీళ్ల సంగతి.”

ఒకనాడు ఆమెకు భోజనం తెచ్చిన బావగారిని, అంటే ఆమె భర్తను, అక్కయ్యగారు ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా అని మేము అడిగాము. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే ఆయన నవ్వు ఆపుకోలేక, “పిల్లలకి దగ్గుమందు కూడా ట్యాంకు తిప్పినట్టు నాలుగుసార్లు తిప్పి, గడియారం చూసి మరీ పోస్తుందండీ! ఈలోగా దగ్గు దానంతట అదే పోతుంది,” అన్నారు. అక్కయ్యగారు మాత్రం నవ్వకుండా, “పోయిందిగా మరి,” అన్నారు.

ఇక, ఈ ప్రత్యేక సంచికలో నేను చెప్పితీరవలసిన సంగతికి వస్తాను. ఇది ఇరవై ఆరు సంవత్సరాలుగా ఇద్దరికే తెలిసిన సంగతి.

తొంభై ఎనిమిది అక్టోబరులో ఏరు పొంగి, పల్లపు వీధిలోని జనన మరణ నమోదు కార్యాలయంలోకి నీరు ప్రవేశించింది. పాత రిజిస్టర్లు రెండు రోజులు నీటిలో నానాయి. కాగితం ముద్దయ్యేలోగా పుటలన్నీ ఫోటో తీసుకురమ్మని నన్ను పంపారు. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాదే. కరెంటు లేదు. కిటికీ పక్కన బల్ల వేసుకొని, తడి పుటలను చెక్క గరిటెతో తిప్పుతూ, పన్నెండు రోల్స్, నాలుగు వందల ముప్పై రెండు ఫ్రేములు తీశాను. నేను తిరిగి వచ్చిన మూడవ నాటికే ఆ రిజిస్టర్లకు బూజు పట్టి, పుట పుటకు అతుక్కుపోయి, విప్పబోతే పిండిలా రాలిపోయాయని కబురు వచ్చింది. ఆ వీధులలో పుట్టినవారికీ గిట్టినవారికీ మిగిలిన ఆధారం నా సంచిలోని ఫిల్ము మాత్రమే.

రోల్స్ అప్పగించబోతూ కెమెరా చూసుకున్నాను. ఫిల్ము వేగాన్ని సూచించే చక్రం తప్పు అంకె మీద ఉంది. ప్రతి ఫ్రేముకూ పడవలసిన వెలుతురులో నాలుగవ వంతే పడింది. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే, తప్పు వానమబ్బు మీదకో, మందు మీదకో పోతుంది. ఆ దురాలోచన నాకు కలిగిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. చీకటిగది గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, చివరకు లోపలికి వెళ్లి చెప్పేశాను.

“అక్కా, చక్రం తప్పు పెట్టాను. అన్నీ తక్కువ వెలుతురులో పోయాయి.”

“ఎంత తక్కువ?”

“నాలుగో వంతే పడింది.”

“పన్నెండూ అంతేనా? మధ్యలో ఎక్కడైనా సరిచేశావా?”

“లేదక్కా. అన్నీ అంతే.”

ఆమె మందలించలేదు. పుస్తకంలో రాసుకుని, తలెత్తి, “ముందే చెప్పావు, మంచిదైంది. నీ తప్పుకి నా దగ్గర కొలత ఉంది. దాచిపెడితే నేనేం చెయ్యగలను?” అన్నారు.

బీరువాలో రెండు సీసాలు ఉన్నాయి. ఒకటి ఏడాది క్రితం మూత తీసి సగం వాడినది. లోపలి ద్రవం పన్నీరులా తేటగా ఉంది. రెండవది అంతకంటే పాతది, మసిపట్టిన తేనె రంగులోకి తిరిగినది; దానిని పారేయమని గిడ్డంగి గుమాస్తా అప్పటికే రెండుసార్లు చెప్పి ఉన్నాడు. అక్కయ్యగారు బొమ్మలు లేని, వెలుతురు తగిలిన ఫిల్ము మొదలు నుంచి ముక్కలు రెండు కత్తిరించి, రెండు మందుల్లోనూ చెరొకటి ముంచారు. మంచి మందైతే ఆ ముక్క నిమిషంలో నల్లబడాలి. అప్పుడే మా సూపరింటెండెంటుగారు లోపలికి వచ్చారు.

“ఇదేంటమ్మా, తేటగా ఉన్నదాన్ని వదిలేసి ఈ నల్లటిది పట్టుకున్నారు?”

“తేటగా ఉన్నది చచ్చిపోయింది సార్. చూడండి, ముక్క ఎలా వేశానో అలాగే ఉంది. ఈ నల్లటిదే బతికుంది.”

“సరే, ఏదో ఒకటి. రేపు పైనుంచి ఆఫీసరుగారు వస్తున్నారు. ఒకటికి పాతిక వేసి సాయంత్రానికి కానిచ్చేయండి.”

“పాతికకి మందు చాలదు సార్. నూట నలభై మిల్లీలీటర్లు కావాలి, సీసాలో వందే ఉంది. చాలినా వెయ్యను,” అన్నారు.

ఆయన ముఖం ఎర్రబడింది. “రాసి ఇస్తారా ఆ మాట?” అన్నారు. ఆమె తడిచేయి తుడుచుకొని, అక్కడికక్కడే వ్రాసి, సంతకం చేసి ఇచ్చారు. అప్పటికి ఆమె ఉద్యోగం ఖాయమై రెండేళ్లయినా కాలేదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

ఆయన వెళ్లిన తరువాత నన్ను అడిగారు: “ఒకే పేజీ రెండుసార్లు తీసింది ఎక్కడైనా ఉందా?” ఏడవ రోలు చివర, చేయి వణికిందన్న అనుమానంతో, ఒకే పుటను నాలుగుసార్లు తీశాను. చీకటిలో ఆ కొసను మాత్రం కత్తిరించి, మూడు ముక్కలు చేసి, మూడు పాళ్లలో పరీక్షించారు. ఒకటికి పాతికలో కిటికీవైపు తడి మెరిసినచోట అక్షరాలు పూడిపోయాయి. ఒకటికి వందలో పుట అంతా ఉంది గాని, పొగమంచులో ఉన్నట్లుంది. ఒకటికి యాభైలో, మామూలు కంటే ఎక్కువసేపు ఉంచి, ట్యాంకును మూడు నిమిషాలకు ఒకసారి మాత్రమే మెల్లగా తిప్పితే, వెలుగువైపు అక్షరమూ, కుట్టువైపు నీడలోని అక్షరమూ రెండూ నిలిచాయి.

రెండేసి రోల్స్ చొప్పున ఆరు విడతలు. విడతకు పన్నెండు మిల్లీలీటర్ల మందు. అది పోసేటప్పుడు ఆమె జాడీని కంటి మట్టానికి ఎత్తి గీత చూసుకున్నారు. మొదటి జత నీళ్లలోంచి బయటికి తీసి దీపానికెత్తి పట్టుకున్నప్పుడు, తలకిందులుగా ఉన్న ఒక ఇంటిపేరు చదివి, “ఉన్నారు,” అన్నారు. మరునాటి మధ్యాహ్నానికి పన్నెండూ తీగమీద ఆరుతున్నాయి. తొమ్మిది ఫ్రేములు తప్ప అన్నీ చదవడానికి వీలైనవే. వాటిని చూసే కొత్త రిజిస్టర్లు వ్రాయబడ్డాయి. జాప్యానికి ఆమెకు సంజాయిషీ నోటీసు వచ్చింది. సమాధానంలో ఆమె మందు వయసు, పాళ్లు, వేడిమి, నిమిషాలు వ్రాశారు. నా పేరు వ్రాయలేదు.

ఆ మరుసటి వేసవిలో ఒక వృద్ధురాలు మా కార్యాలయానికి వచ్చారు. పదకొండు నెలలు బతికిన కూతురి పేరు ఆ రిజిస్టరులో తప్ప లోకంలో మరెక్కడా లేదట. అక్కయ్యగారు ఆ ఫ్రేమును వెదికి, పెద్దదిగా ముద్రించి, ఆరబెట్టి తెచ్చి ఆమె ముందుంచారు. ఆమెకు చదువు రాదు. “ఇదేనా తల్లీ?” అని వేలు పెట్టి అడిగారు. అక్కయ్యగారు ఆ వేలిని పట్టుకొని రెండు వరుసలు కిందికి జరిపి, పేరు చదివి వినిపించారు. ఆమె మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివారు. ఎన్నిసార్లని నేను లెక్కపెట్టలేదు.

రెండువేల పన్నెండులో ఫిల్ము కొనుగోలు నిలిచిపోయి, స్కానర్లు వచ్చినప్పుడు, నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె కంప్యూటరు ముందు కూర్చొని, తన కూతురి ఈడు పిల్లల దగ్గర ఏ సంకోచమూ లేకుండా ఆ పని నేర్చుకున్నారు. తాము కడిగిన లక్షా నలభై వేల నెగటివులలో సగానికి పైగా తామే స్కాను చేసి, మన భాండాగారానికి అప్పగించి వెళుతున్నారు.

ప్రస్తుతం ఈ విభాగానికి అధిపతిగా ఉన్న నేను, గత వారం ఆ తొంభై ఎనిమిది నాటి ఫైలు తెప్పించి, చివరి పుటలో, తప్పు నాదని, ఆలస్యానికి ఆమె బాధ్యురాలు కారని వ్రాసి, సంతకం పెట్టి, అక్కయ్యగారికి చూపించాను. కళ్లజోడు సవరించుకొని రెండుసార్లు చదివారు. ఏమంటారోనని నిలబడ్డాను.

“తారీఖు వెయ్యలేదు,” అన్నారు.

వేశాను. ఆ ఫైలును ఆమె ఎదుటనే మూసి, భద్రపరిచే గదికి పంపించాను.

అక్కయ్యగారూ! ముప్పై ఎనిమిదేళ్లు ట్యాంకులు తిప్పి తిప్పి నొప్పిపట్టిన తమ మణికట్టుకు ఇకనైనా విశ్రాంతి లభించుగాక. బావగారితో, బిడ్డలతో, నిరుడు పుట్టిన మనవరాలితో, తమరు సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని, తమ చేతిమీదుగా పేరు దక్కిన ఎందరో అపరిచితుల తరఫున, మా అందరి తరఫున, తమ క్షమకు పాత్రుడనైన నా తరఫున, శిరసు వంచి కోరుకుంటున్నాను.